‘వాళ్లు’ అంటే ఎవరు?

ప్రశ్న:

మాస్టారికి వందనాలు. మాది పాలకొల్లు. మావారు ఆరేళ్లుగా కువైట్‌లో డ్రైవర్‌గా చేస్తున్నారు. ఇక్కడ నేను, మా అత్తగారు, ఇద్దరు పిల్లలు ఉంటాం. బాబు తొమ్మిదో తరగతి, పాప నాలుగు. బాబు ఈ మధ్య ‘ఇంటర్‌స్టెల్లార్’ అనే ఇంగ్లీషు సినిమా పిచ్చిలో పడ్డాడు. ఇప్పటికి నాలుగుసార్లు చూశాడు. అది చాలక, తండ్రి పిల్లల వీడియోలు చూస్తూ ఏడ్చే సీన్ ఒక్కటీ ఫోన్‌లో మళ్లీ మళ్లీ పెట్టుకుంటాడు. మొన్న కుటుంబ ప్రార్థన అయ్యాక ‘అమ్మా, మనల్ని కాపాడేది దేవుడు కాదేమో, భవిష్యత్తులో ఉండే మనుషులేమో’ అన్నాడు. మా అత్తగారు ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. అది లోకసంబంధమైనది, విశ్వాసుల ఇంట్లో ఉండకూడదని ఆవిడ పట్టు. నేను సగం చూశాను, సరిగ్గా అర్థం కాలేదు. ఇలాంటి సైన్స్ సినిమాలు పిల్లల్ని చూడనివ్వచ్చా? ఏది మంచిదో, ఏది కాదో ఎలా తేల్చుకోవాలి? పాప కూడా చూస్తానని పేచీ పెడుతోంది.

– ఒక తల్లి

సమాధానం:

అమ్మా, వందనాలు.

ముందు ఆ బీరువా తాళం తీయించండి. అత్తగారిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆవిడ భయం నాకు తెలుసు, నేను పెరిగింది ఆ భయంలోనే. మా ఊళ్లో సినిమాకి వెళ్లినట్టు తెలిస్తే నెల రోజులు ప్రభు భోజనపు బల్లకి దూరం పెట్టేవాళ్లు. పదో తరగతిలో ఉండగా సైకిల్ మీద టౌనుకెళ్లి మ్యాట్నీ చూసొచ్చాను. టికెట్టు ముక్క చొక్కా జేబులోనే మర్చిపోయాను. బట్టలుతికే ముందు అది మా అమ్మ చేతికి చిక్కింది. ఆ ఆదివారం సంఘం ముందు నిలబడి క్షమాపణ చెప్పుకున్నాను. తర్వాత కొన్నేళ్లకి అదే పెద్దలు ‘కరుణామయుడు’ తెప్పించారు. 1978లో వచ్చిన సినిమా, యేసుగా విజయచందర్ వేశారు. గుడి ఆవరణలో రెండు వెదురు గడలు పాతి, మధ్యలో తెల్ల దుప్పటి కట్టి, ఊరందరికీ చూపించారు. సిలువ మోసే చోట మా నాయనమ్మ లేచి నిలబడి ఆ దుప్పటికి చేతులు జోడించింది. సినిమా అనే వస్తువు మీద మా పెద్దలకి పేచీ ఏమీ లేదని నాకు ఆ రాత్రే అర్థమైంది.

అప్పటి కొలత తేలిక. యేసు పేరుంటే మంచిది, లేకపోతే లోకసంబంధం. మీ అత్తగారి చేతిలో ఉన్నదీ అదే కొలత. ఆ లెక్కన మనం ఒక్క సైన్స్ సినిమా కూడా చూడకూడదు. మరి ‘ఆదిత్య 369’లో టైమ్ మెషిన్ ఎక్కి కృష్ణదేవరాయల కాలానికి వెళ్తుంటే మనలో ఎంతమంది ఈలలు వేయలేదు! అది పాపమేమోనని ఎవరికీ అనుమానం రాలేదు. ఇంగ్లీషు సినిమా అనేసరికి, పైగా పిల్లాడు దేవుడి మాట ఎత్తేసరికి భయం వేసింది. సహజమే.

నేను వాడే కొలత వేరు. ఏ కథ చూసినా రెండు విషయాలు అడుగుతాను. మనిషికి వచ్చిన జబ్బు ఏమిటంటున్నారు? మందు ఎవరి చేతిలో ఉందంటున్నారు? ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి, ఆదివారాలు సండే స్కూల్ నడిపినవాణ్ణి. ఈ రెండు ప్రశ్నలతో ఎన్ని సినిమాలు చూశానో లెక్కలేదు. మీ ఉత్తరం వచ్చాక ఈ సినిమానీ మళ్లీ పెట్టుకుని, పక్కన నోట్‌బుక్ ఉంచుకుని చూశాను. రెండు గంటల 49 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు టీ.

మీరు సగంలో ఆపేశారు కాబట్టి కథ క్లుప్తంగా చెబుతాను. 2014లో క్రిస్టఫర్ నోలన్ తీశారు. భూమ్మీద పంటలు ఒక్కొక్కటిగా చచ్చిపోతుంటాయి, ఎటు చూసినా దుమ్ము. కూపర్ అనే రైతు, ఒకప్పటి పైలట్, భార్య లేదు, ఒక కొడుకు, ఒక కూతురు. శని గ్రహం దగ్గర అంతరిక్షంలో ఒక సొరంగం లాంటిది తెరుచుకుంది, దాన్ని ఎవరో కావాలని పెట్టారని శాస్త్రవేత్తల నమ్మకం. ఆ ఎవరో తెలియదు కాబట్టి ‘వాళ్లు’ అంటుంటారు. మనుషులు బతకగల ఇంకో గ్రహాన్ని వెతకడానికి ఆ సొరంగం గుండా కూపర్ వెళ్తాడు. వెళ్లొద్దని కూతురు మర్ఫ్ అలిగి గదిలోంచి బయటికి రాదు. చివర్లో తేలేదేమిటంటే ‘వాళ్లు’ ఎవరో కాదు, ఎంతో ముందుకెళ్లిపోయిన మన మనుషులే. మీ బాబు ప్రార్థన తర్వాత అన్నది ఇదే.

కంటికి కనిపించేవాటితో ఇబ్బంది పెద్దగా లేదు. అసభ్యమైన సీన్లు లేవు. సంతోషం పట్టలేక పెట్టుకున్న ముద్దు ఒకటి. తిట్లు అక్కడక్కడా. ఒక కొట్లాట, రెండు పేలుళ్లు, ఒక గ్రహం మీద కొండంత ఎత్తు లేచే అలలు. మన సెన్సార్ బోర్డు 2024 నుంచి యూఏ సర్టిఫికెట్‌ని 7+, 13+, 16+ అని మూడు రకాలు చేసింది. అది తల్లిదండ్రులకి పనికొచ్చే సంగతే. అయితే సర్టిఫికెట్టు రక్తాన్నీ బూతునీ లెక్కపెడుతుంది, జబ్బునీ మందునీ కాదు. ఆ పని ఇంట్లో మనమే చేసుకోవాలి.

ఇప్పుడు జబ్బు దగ్గరికి వద్దాం. ఈ విషయంలో ఈ సినిమా నన్ను ఆశ్చర్యపరిచింది. కూపర్ కంటే ముందు పన్నెండు మంది వ్యోమగాములు వెళ్లి ఉంటారు. వాళ్లలో డాక్టర్ మాన్ అనే ఆయన అందరికంటే గొప్పవాడని, ధీరుడని ప్రతివాళ్లూ పొగుడుతుంటారు. తీరా వెళ్లి చూస్తే, తన గ్రహం పనికిరాదని తెలిసీ, ఒంటరిగా చావలేక, ఇక్కడ బతకొచ్చని దొంగ సమాచారం పంపాడు. ఎవరో ఒకరు వచ్చి తనని తీసుకెళ్తారని. వచ్చినవాణ్ణి చంపబోతాడు కూడా. ఇక భూమ్మీద ఉన్న పెద్ద ప్రొఫెసర్, అందరూ నమ్ముకున్న మనిషి, అందర్నీ కాపాడే లెక్క దాదాపు పూర్తయిందని ఏళ్ల తరబడి అబద్ధం చెబుతూ వచ్చాడు. మంచి కోసమే చెప్పానని ఆయన నమ్మకం. ‘అందరును పాపముచేసి దేవుడు అనుగ్రహించు మహిమను పొందలేక పోవుచున్నారు’ అని రోమా పత్రికలో చదువుకుంటాం కదా. మనిషిలో ఎంత మంచివాడికైనా ఒక మూల కుళ్లు ఉంటుందని ఈ సినిమా దాచకుండా చూపించింది. హీరో మచ్చలేని మహాత్ముడుగా ఉండే మన భక్తి సినిమాలు కొన్ని ఈ పని ఇంత బాగా చేయలేదు. మీ బాబుతో మాట్లాడాల్సి వస్తే, ‘వాళ్లు’ గొడవ కంటే ముందు ప్రొఫెసర్ అబద్ధం ఎత్తండి. మంచి కోసం చెప్పే అబద్ధం గురించి పద్నాలుగేళ్ల కుర్రాడికి బోలెడు అభిప్రాయాలుంటాయి.

మందు దగ్గర నాకూ ఈ సినిమాకీ కుదరలేదు.

ఆ పన్నెండు మంది వెళ్లిన ప్రయాణానికి లాజరు అని పేరు పెట్టారు. లాజరు చనిపోయి తిరిగి లేచాడు కదా అంటాడు ప్రొఫెసర్. అవునుగానీ ముందు చావాల్సి వచ్చింది కదా అంటాడు కూపర్. మాట చురుగ్గానే ఉంది. కానీ యోహాను 11 తీసి చూడండి. లాజరు తనంతట తాను లేవలేదు. ‘లాజరూ, బయటికి రమ్ము’ అని ఒకరు సమాధి బయట నిలబడి పిలిచారు. సినిమా లాజరు పేరు తీసుకుంది, పిలిచిన గొంతుని వదిలేసింది. కథంతా ఇదే వరస. బయటినుంచి ఎవరో దయతలచి దారి తెరిచారు అని మొదలవుతుంది, అది మనకి బాగా తెలిసిన కథ. చివరికొచ్చేసరికి ఆ ఎవరో మనమే అంటుంది. డాక్టర్ మాన్‌లాంటి మనమే.

ఇందులో లెక్క ప్రకారం కూడా ఒక చిక్కుంది. భవిష్యత్తులో ‘వాళ్లు’ ఉండాలంటే ఇప్పుడు మనం బతికి బట్టకట్టాలి. మనం బతకాలంటే ‘వాళ్లు’ దారి తెరవాలి. కోడి ముందా గుడ్డు ముందా? మొట్టమొదటి తలుపు ఎవరు తీశారు? సినిమా దీనికి జవాబు చెప్పలేదు, ఆ సంగీతం హోరులో మనం అడగడమూ మర్చిపోతాం. మీ బాబుని ఈ ప్రశ్న అడగండి. ఓడించడానికి కాదు. అడిగి వదిలేయండి, రెండు రోజులు వాడే కొట్టుకుంటాడు. పద్నాలుగేళ్లవాణ్ణి వాక్యంతో నోరు మూయిస్తే నోరే మూసుకుంటుంది, ప్రశ్న మాత్రం లోపల అలాగే ఉంటుంది. నా శిష్యుల్లో అలా మూసుకున్నవాళ్లు చాలామంది తర్వాత గుడి గుమ్మం తొక్కలేదు.

ఇంకో మాట ఉంది. సినిమాలో ఒక శాస్త్రవేత్త, ప్రేమ అనేది కాలాన్నీ దూరాన్నీ దాటి పనిచేసే శక్తి అంటుంది. ‘ప్రేమ శాశ్వతకాలముండును’ అని పౌలు కొరింథీయులకి ఎప్పుడో రాశాడు కాబట్టి మనం తలూపుతాం. కానీ ఆ ప్రేమ ఎక్కణ్నుంచి వచ్చిందో ఆవిడ చెప్పలేకపోయింది. దేవుడు ప్రేమాస్వరూపి అని మనం అంటాం. ప్రేమే ఒక దేవుడు అన్నట్టుగా ఆవిడ అంటుంది. రెండూ వినడానికి ఒకేలా ఉంటాయి, తిప్పి చూస్తే వేరు. ఈ తేడా మీ బాబుకి ఇప్పుడే అందకపోయినా ఫర్వాలేదు.

సైన్స్ గురించి ఒక్క మాట, ఎందుకంటే మీ అత్తగారు రేపు ‘సినిమాలో ఆ అలల గ్రహం మీద గంట గడిస్తే ఇక్కడ ఏడేళ్లట, ఎంత మాయ!’ అనొచ్చు. అది మాయ కాదు. గురుత్వాకర్షణ బలంగా ఉన్నచోట కాలం మెల్లగా నడుస్తుంది. ఐన్‌స్టీన్ 1915లో పూర్తి చేసిన సిద్ధాంతం అదే చెబుతుంది. మీ ఫోన్‌కి దారి చూపించే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు మన గడియారాల కంటే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకెళ్తాయి, దాన్ని సరిచేయకపోతే మ్యాపు మిమ్మల్ని వేరే వీధిలో దింపుతుంది. ఈ సినిమాకి సైన్స్ సలహా ఇచ్చిన కిప్ థోర్న్‌కి తర్వాత 2017లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. అయితే ఒక మనవి. ‘ప్రభువు దృష్టికి ఒక దినము వెయ్యి సంవత్సరములవలెను’ అనే వాక్యం తీసి, చూశావా, ఐన్‌స్టీన్ చెప్పింది బైబిల్లో ముందే ఉంది అని మాత్రం బాబుతో అనకండి. పేతురు అక్కడ మాట్లాడుతున్నది దేవుడి ఓర్పు గురించి, గడియారాల గురించి కాదు. పిల్లలు ఇలాంటివి ఇట్టే పట్టేస్తారు, పట్టాక మనం చెప్పే మిగతా మాటల్నీ అనుమానిస్తారు.

అత్తగారికి మాత్రం వేరే కథ చెప్పండి. 1968 డిసెంబరు 24. అపోలో 8లో ముగ్గురు మనుషులు మొదటిసారి చంద్రుడి చుట్టూ తిరుగుతున్నారు. బోర్మన్, లోవెల్, ఆండర్స్. ఆ క్రిస్మస్ ముందు రాత్రి కోట్లమంది టీవీల ముందు కూర్చుని ఉంటే, వాళ్లు అక్కణ్నుంచి ‘ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను’ అని మొదలుపెట్టి ఆదికాండం మొదటి పది వచనాలు ఒకరి తర్వాత ఒకరు చదివారు. అంతరిక్షం అంటే దేవుడికి దూరంగా పోయే చోటు అనుకునే పెద్దలకి ఈ సంగతి నేను ఎన్నిసార్లు చెప్పానో! ఒక్కరు కూడా మధ్యలో లేచి వెళ్లలేదు. ఆవిడ నమ్మకపోతే 139వ కీర్తన తీయమనండి. ‘నేను ఆకాశమునకెక్కినను నీవు అక్కడను ఉన్నావు.’

ఆవిడకి చెప్పాల్సింది ఇంకోటుంది, ఇది నాకు భలే ఇష్టమైన సంగతి. ఈ సినిమాలో గుండెల్లో మోగే ఆ వాద్యం చర్చి ఆర్గాన్. సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ దాన్ని లండన్‌లోని టెంపుల్ చర్చిలో రికార్డు చేయించారు, 1185లో ప్రతిష్ఠించిన గుడి అది. దేవుణ్ణి లెక్కలోకి తీసుకోని సినిమాకి, మనిషి ఎంత చిన్నవాడో చూపించాల్సి వచ్చేసరికి గుడిలోని వాద్యమే కావాల్సి వచ్చింది!

ఇదంతా మీరు అడిగినదానికి జవాబు. మీరు అడగనిది కూడా ఉత్తరంలో ఉంది. ఒక్క వాక్యంలో రాసి ముందుకెళ్లిపోయారు.

బాబు మళ్లీ మళ్లీ పెట్టుకునేది ఏ సీను? ‘వాళ్లు’ ఎవరో తేలే సీను కాదు. కూపర్ ఆ అలల గ్రహం మీద కొద్ది గంటలు ఇరుక్కుపోయి ఓడలోకి తిరిగొచ్చేసరికి భూమ్మీద 23 ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. పేరుకుపోయిన వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి చూస్తాడు. కొడుకు చదువు అయిపోయింది, పెళ్లయింది, బిడ్డ పుట్టింది, ఆ బిడ్డ పోయింది. ఇన్నేళ్లూ ఒక్క వీడియో కూడా పంపని కూతురు చివర్లో కనిపిస్తుంది. ఈ రోజు నా పుట్టినరోజు, నువ్వు వెళ్లినప్పుడు నీకెంత వయసో నాకిప్పుడు అంత వచ్చింది అంటుంది. తండ్రి తెరని చూస్తూ వెక్కి వెక్కి ఏడుస్తాడు. ఆయన మాట్లాడినా అటువైపు వినిపించదు.

మీవారు వెళ్లినప్పుడు బాబుకి ఎనిమిదేళ్లు ఉంటాయి, నా లెక్క తప్పు కాకపోతే. రెండో తరగతో, మూడో తరగతో. ఇప్పుడు తొమ్మిదో తరగతి. పాపకైతే నాన్న అంటే ఊహ తెలిసినప్పటినుంచీ ఫోన్‌లో కనిపించే మనిషే. అమ్మా, కాపాడేది దేవుడు కాదేమో అని బాబు అన్నది ప్రార్థన అయ్యాకే కదా. ఆ ప్రార్థనలో మీరు రోజూ ఏమడుగుతారు? నాన్నని క్షేమంగా ఇంటికి చేర్చు తండ్రీ అనే ఉంటారు. ఆరేళ్లుగా. వాడి ప్రశ్న సినిమాలోంచి వచ్చిందనుకున్నారు మీరు. నాకు మాత్రం ఆ ప్రార్థనలోంచే వచ్చిందనిపిస్తోంది. నా ఊహ తప్పే కావచ్చు. వాణ్ణి నేను చూడలేదు, మీరు తల్లి.

అందుకని నేను చేయమనేది ఇది. ఈ సినిమాని నిషేధించకండి, వాణ్ణి ఒంటరిగా కూడా వదలకండి. ఫోన్ కాదు, టీవీకి పెట్టండి. రాబోయే శుక్రవారమే పెట్టుకోండి. కువైట్‌లో శుక్రవారం సెలవు, మనవాళ్ల తెలుగు ఆరాధనలు కూడా ఆ రోజే. మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి ఎనిమిదంటే అక్కడ ఐదున్నర. డ్రైవర్ ఉద్యోగం కాబట్టి సెలవు ఉందో లేదో ముందే కనుక్కోండి, లేకపోతే ఉన్న రోజే పెట్టుకోండి. మీవారిని ముందుగా అక్కడ ఒకసారి చూసి ఉండమనండి, అర్థం కాకపోయినా సరే. మీరు ఇక్కడ చూసేటప్పుడు ఆయన వీడియో కాల్‌లో ఉంటే చాలు. అత్తగారినీ పక్కన కూర్చోబెట్టండి. రానంటే బలవంతం వద్దు, ఆర్గాన్ మోగితే ఆవిడే వంటింట్లోంచి తొంగి చూస్తారు.

పాపకి ఇప్పుడే వద్దు. ఆ అలలకి, ఆ బిడ్డ పోయిన వార్తకి నాలుగో తరగతి చాలా చిన్న వయసు. అన్నకి ఉండి తనకి లేదని అలుగుతుంది, అందుకని ఆ రాత్రి తనకిష్టమైనది ఏదైనా చేసిపెట్టి త్వరగా పడుకోబెట్టండి. అన్నలాగే తనూ పదమూడు దాటాక చూస్తుందని మాటివ్వండి. ఇచ్చిన మాట నిలబెట్టుకోండి.

మధ్యలో ఆపుతూ చూడండి. ప్రొఫెసర్ అబద్ధం బయటపడినప్పుడు ఆపండి. డాక్టర్ మాన్ దగ్గర ఆపండి, మీవారి అభిప్రాయం అడగండి, ఎడారిలో ఒంటరిగా బతికే మనిషి ఏం చెబుతారో బాబు విననీ. చివర్లో ‘వాళ్లు’ ఎవరో తేలాక ఆ కోడి, గుడ్డు ప్రశ్న వేయండి. ఆ వీడియోల సీన్ వచ్చినప్పుడు మాత్రం రిమోట్ పక్కన పెట్టేయండి. బాబు టీవీని చూస్తున్నాడా, ఫోన్‌లో వాళ్ల నాన్నని చూస్తున్నాడా అని కూడా చూడకండి.